కుడి నుంచి మొదలుపెట్టిన పిల్లలు

ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందినట్టు సంతకం చేసిన అట్టముక్కలు మాత్రం తిరిగొచ్చాయి. ఉత్తరం అందలేదని రేపు ఎవరూ అనకుండా వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో వరుసగా పెట్టుకున్నాను. ఒక సంతకం నీలం సిరాతో ఉంది, ఒకటి ఆకుపచ్చ సిరాతో ఉంది, ఒకదాని మీద టీ మరక కూడా ఉంది. అంటే నా ఉత్తరం ఒక బల్ల మీదికి చేరింది, దాని పక్కన ఎవరో తీరిగ్గా టీ తాగారు, తాగి దాన్ని ఎక్కడో పెట్టారు. "రిటైరైపోయారు కదండీ, ఇంకా ఎందుకు మాస్టారూ ఈ రాతలు?" అని పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే ఆవిడ కూడా అడిగింది. "ముద్ర వెయ్యమ్మా" అన్నాను. ఉత్తరాలు చదవనివాళ్లు పుస్తకమైనా చదువుతారేమోనని ఈ అధ్యాయం రాస్తున్నాను. చిన్ననాటి ముచ్చట్లు చెప్పి మిమ్మల్ని మురిపించడానికి కాదు. నా చిన్నతనంలో ఒక ఏడాదిని నా దగ్గర నుంచి తీసేసుకున్నారు. అదే పద్ధతిలో ఇప్పటికీ పిల్లల దగ్గర నుంచి తీసుకుంటున్నారు. ఆ సంగతి చెప్పాలి.

పోయిన నెల రేపల్లెలో సువార్త టీచర్ పదవీ విరమణ సభకు వెళ్లాను. ఎన్నో ఏళ్లుగా చిన్నపిల్లల తరగతి చెప్పిన మనిషి ఆవిడ. ఆవిడ తరగతిలో ఏడుస్తూ వచ్చిన పిల్లలే పెద్దవాళ్లై ఆ రోజు వడ్డన చేస్తున్నారు. సభలో నన్ను మూడో వరుసలో కూర్చోబెట్టారు. మైకులో నా పేరు మస్తాన్ వలీ అని చదవాల్సింది మస్తాన్ రావు అని చదివారు. లేచి సరిచేశాను. రెండోసారి కూడా అలాగే చదివారు, రెండోసారి కూడా లేచాను. పాస్టరుగారు ప్రార్థన చేశాక భోజనాలయ్యాయి. అప్పుడు సువార్త టీచర్ నన్ను పక్కకు పిలిచి, ఫోను తీసి ఒకటి చూపించింది. అదేమిటో దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను. సాయంత్రం తెనాలి రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా నాకు గుర్తొచ్చింది ఆ సభ కాదు, ఉద్యోగం కాదు, బడికి పంపకుండా నన్ను ఇంట్లో ఉంచిన ఆ ఏడాది.

మా ఇల్లు తెనాలిలో, బజారు వెనక సందులో. ముందు వసారా, తరువాత ఒక గది, ఆ వెనక వంటిల్లు. వసారాలోనే మా అబ్బా కొలిమి, వసారాలోనే దాదీమా చాప. అబ్బా అంటే మా నాన్న, ఇత్తడి గిన్నెలకూ రాగి బిందెలకూ కళాయి వేసేవాడు. దాదీమా ఆయన తల్లి. తెల్లవారి నమాజు కాగానే వీధిలో పిల్లలను చాప మీద కూర్చోబెట్టి అరబీ అక్షరాలు చెప్పేది. పొద్దున పూట వసారా దాదీమాది, ఎండెక్కాక అబ్బాది. అందుకే మా ఇంట్లో పాఠానికి బొగ్గు వాసన ఉండేది. దాదీమా చీపురుపుల్ల ఒకటి చేత్తో పట్టుకుని అక్షరాల కింద నడిపించేది. అది కుడి చివర మొదలై, ఎడమ చివర దాకా వెళ్లి, మళ్లీ కుడికి వచ్చి కింది వరుసలో పడేది. పిల్లల కళ్లు దాని వెంటే నడిచేవి. అక్షరం తప్పు చెబితే ఆ పుల్లతోనే వేలి మీద మెల్లగా తట్టేది. కొట్టినట్టు ఉండేది కాదు, ఈగ వాలినట్టు ఉండేది. పాఠం అయ్యాక బెల్లం ముక్క పెట్టేది, అదీ కుడివైపు చివర కూర్చున్న పిల్లతో మొదలుపెట్టి. ఎడమ చివర కూర్చుంటే ముక్క చిన్నదవుతుందని మేము కుడి చివర కోసం తోసుకునేవాళ్లం.

ఎండెక్కేసరికి చాప చుట్టేసేవాళ్లు. అబ్బా కొలిమి రాజేసి, తోలుతిత్తి ఊదుతూ, గిన్నెను కణకణ కాల్చేవాడు. కాలిన గిన్నెలో నవసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ ఒక్కసారి లేచి ఇల్లంతా నిండేది. గొంతులో కారంగా తగిలే ఆ పొగకు కొత్తవాళ్లు దగ్గేవాళ్లు, మేము దగ్గేవాళ్లం కాదు. తగరం పుల్ల లోపల రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే నల్లటి గిన్నె లోపల వెన్నెల పోసినట్టు తెల్లబడేది. ఆ పొగ వంటింట్లో అమ్మీ చేసే పుల్లపప్పులోకీ, మా బట్టల్లోకీ, చివరికి పండగ రోజు అత్తరులోకీ దూరేది. అమ్మీ తిట్టుకుంటూనే ఉండేది. అబ్బా నవ్వుతూనే ఉండేవాడు. ఆయనకు రాయడం రాదు. ఎవరి గిన్నె ముందు వచ్చిందో, ఎవరిది తరువాత వచ్చిందో గుర్తుపెట్టుకోవడానికి వసారా గోడ వారగా వరుస పెట్టించేవాడు. మొదట వచ్చింది కుడి చివర, ఆ తరువాత వచ్చింది దాని ఎడమ పక్కన, అలా వీధి గుమ్మం దాకా. గిన్నెలు వరుసలో పెట్టడం, తరువాత ఎవరిదో చెప్పడం నా పని. అప్పటికి నాకు అయిదేళ్లు. గుమ్మం దాకా నిండిన వరుసలో ఏ గిన్నె ఎవరిదో, ఏది ఎప్పుడు వచ్చిందో అడిగితే కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి.

నన్ను బడిలో వేసే రోజు వచ్చింది. తల మీదుగా చెయ్యి వేసి అవతలి చెవి అందుకుంటే బడి ఈడు వచ్చినట్టు లెక్క. దానికోసం మా ఆపా, అంటే అక్క, వారం రోజులు నా చెయ్యి పట్టుకుని లాగింది. చెయ్యి సాగుతుందని ఆమె నమ్మకం. చెవి అందింది. నేను గెలిచాననుకున్నాను. కానీ ఆ బడి హెడ్మాస్టరుకు తన సొంత పరీక్ష ఒకటి ఉంది. ఆయన నన్ను కిటికీ అరుగు దగ్గరికి తీసుకెళ్లి, నా పక్కనే నిలబడి, ఆ అరుగు మీద అయిదు వస్తువులు వరుసగా పెట్టాడు. సుద్దముక్క, డస్టరు, సిరాబుడ్డి, రూళ్లకర్ర, బల్ల మీద పెట్టుకునే ఇత్తడి గంట. "వీటిలో మొదటిది తియ్యి" అన్నాడు. నేను కుడి చివర ఉన్న గంట తీశాను.

ఆయన నవ్వాడు. గదిలో ఉన్న మిగతా ఇద్దరు మాస్టర్లను పిలిచి మళ్లీ అడిగాడు. మళ్లీ గంటే తీశాను. "ఆఖరిది?" అన్నాడు. సుద్దముక్క చూపించాను.

"చూశావా సాయిబూ, మీవాడు చదువుకోవడానికి రాలేదు, గంట కొట్టడానికి వచ్చాడు" అన్నాడు మా అబ్బాతో. "మొదలూ చివరా తెలియదు. ఇంకా ఊహ రాలేదు. వచ్చే ఏడు తీసుకురా."

"గిన్నెల వరుస బాగా చెబుతాడండీ" అన్నాడు అబ్బా.

"ఇక్కడ గిన్నెలు తోమించం" అన్నాడు హెడ్మాస్టరు.

అబ్బా "అలాగేనండి" అన్నాడు. అంతే అన్నాడు. నా కోసం కొన్న కొత్త పలకను చంకలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు. సందు మొగలో ఆగి, తన మసి చెయ్యి నా చొక్కాకు అంటిందేమోనని చూసి, దులిపాడు. అక్కడ మసి లేదు. ఆయన అలా దులపడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఆ సాయంత్రానికే ఆ మాట వీధిలోకి వచ్చేసింది. ఏడాది పొడుగునా నేను "గంట మస్తాన్"ని. బడికి వెళ్లే పిల్లలు మా గుమ్మం ముందు నుంచి వెళుతూ "టంగ్" అని అరిచి పరిగెత్తేవాళ్లు. వాళ్లెవరెవరో నాకు పేర్లతో సహా గుర్తున్నారు. అందులో ఒకాయన నా చేతనే తన మనవడి టీసీ అర్జీ రాయించుకున్నాడు. రాసిచ్చాను. ఇచ్చేముందు "టంగ్" అన్నాను. ఆయనకు గుర్తు లేదట.

కొన్నాళ్లకు ఆ హెడ్మాస్టరు ఇంటి నుంచే ఒక పెద్ద అన్నపు గిన్నె కళాయికి వచ్చింది. నేను దాన్ని ఎడమ చివర, గుమ్మం పక్కన పెట్టాను. మర్నాడు కొత్త గిన్నెలు వస్తే వాటి తరువాతకు జరిపాను. ఆ మర్నాడూ అంతే. పది రోజులైనా అది చివరే ఉంది. అబ్బా ఒకరోజు తలెత్తి చూశాడు. మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఒరేయ్, ఇది ముందే వచ్చింది కదరా?"

"వచ్చే ఏడు చేద్దాం అబ్బా. దానికి ఇంకా ఊహ రాలేదు."

దాదీమా పడీ పడీ నవ్వింది, నోట్లో వక్క గొంతుకు అడ్డం పడేదాకా. అబ్బా కూడా నవ్వాడు. తరువాత లేచి, ఆ గిన్నెను తీసుకెళ్లి దాని అసలు చోట, కుడి వైపు పెట్టాడు. "గిన్నె ఏం చేసిందిరా నిన్ను?" అన్నాడు. ఆ రోజే దానికి కళాయి వేశాడు, ఎప్పటికన్నా ఎక్కువసేపు తుడిచాడు. ఆయన మంచితనం ఆయనది. నేను మాత్రం ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ ఏడాది ఇంట్లో మీకు బాగానే గడిచింది కదా, దాదీమా దగ్గర అన్ని నెలలు కూర్చునే భాగ్యం దొరికింది కదా, సంతోషించాలి కదా అంటుంది నా భార్య. సంతోషం వేరు, ఫిర్యాదు వేరు. దాదీమా బెల్లం ముక్క తీపిగా ఉందని చెప్పి హెడ్మాస్టరు చేసింది ఒప్పు చెయ్యలేను. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. నేను నిజంగానే మందమతినని ఆ ఏడాదే నమ్మాను. తరువాత ప్రతి తరగతిలోనూ మార్కులు బాగానే వచ్చాయి, టీచర్ ఉద్యోగం వచ్చింది. అయినా లోపల ఎక్కడో, అయిదేళ్లప్పుడు మొదలూ చివరా తెలియనివాణ్ణి అన్న మాట ముల్లులా ఉండిపోయింది. నేను ఎందుకు గంట తీశానో నాకే తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. ఉద్యోగం చివరి రోజుల దాకా తెలియలేదు.

ఆ రోజుల్లోనే నన్ను ఒక కొత్త పనికి సమన్వయకర్తగా వేశారు. అయిదేళ్లు నిండిన పిల్లలు ఒకటో తరగతికి సిద్ధంగా ఉన్నారో లేదో టీచర్లు పరిశీలించి పత్రాలు నింపాలి. తెనాలి వైపు నుంచీ, రేపల్లె వైపు నుంచీ ఆ పత్రాలన్నీ తెప్పించి, తప్పులు చూసి, ఒక పట్టికగా చేసి, సంతకం పెట్టి పైకి పంపాలి. అది నా పని. ముందుగా బాపట్లలో ఒక కల్యాణమండపంలో టీచర్లకు శిక్షణ పెట్టారు. పరిశీలనలో ఒక అంశం బొమ్మల వరుస. నాలుగు బొమ్మలుంటాయి: మామిడి టెంక, మొలక, చెట్టు, చెట్టు నిండా కాయలు. వాటిని కలిపేసి పిల్ల ముందు పెట్టి, కథ ప్రకారం వరుసగా పేర్చమనాలి. టీచర్ పిల్లకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. పిల్ల పేర్చినది ఎడమ నుంచి కుడికి ఎలా కనబడితే అలా గడిలో అంకెలు వెయ్యాలి. ఒకటి రెండు మూడు నాలుగు వస్తే సరి. ఇంకేం వచ్చినా సున్నా. సున్నాలు ఎక్కువైతే ఆ పిల్లకు "మరో ఏడాది సన్నద్ధత అవసరం" అని వస్తుంది, అంటే మరో ఏడాది అంగన్‌వాడీలోనే. ఇదంతా ఆ రోజు వేదిక మీద నిలబడి చెప్పింది ఎవరో కాదు, నేనే. "జాలిపడి మార్కులు వెయ్యకండి. ఎడమ నుంచి రాకపోతే సున్నా" అని మైకులో రెండుసార్లు చెప్పాను.

పత్రాలు వచ్చాయి. ఇంట్లో భోజనాల బల్ల మీద పరుచుకుని చూడటం మొదలుపెట్టాను. వరుస తప్పిన పిల్లల గడుల్లో రకరకాల అంకెలున్నాయి. రెండు నాలుగు ఒకటి మూడు. మూడు ఒకటి నాలుగు రెండు. కానీ తెనాలిలో ఒక బడి కట్టలో నాలుగు మూడు రెండు ఒకటి అని వచ్చింది. తరువాత పత్రంలోనూ అదే. రేపల్లె కట్ట విప్పితే అక్కడా కొన్ని అలాగే ఉన్నాయి. పేర్లు చూశాను. షబానా, ఇర్ఫాన్, నస్రీన్. వరుస తెలియని పిల్ల తప్పు చేస్తే చిందరవందరగా చేస్తుంది. ఇంత శుభ్రంగా, ఇంతమంది ఒక్కలాగే తప్పు చెయ్యరు. నా భార్య వచ్చి, "అన్నం పెట్టాలి, కాగితాలు తియ్యండి" అంది. తియ్యలేదు. ఆ అంకెల మీద వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకు జరిపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చీపురుపుల్ల నడిచిన దారి. ఇత్తడి గంట నేను ఎందుకు తీశానో అప్పుడు, మనవలున్న వయసులో, తెలిసింది. నాకు వరుస తెలుసు. అప్పుడూ తెలుసు. తెలియనిది నాకు కాదు.

మర్నాడే రేపల్లె వెళ్లాను. సువార్త టీచర్ తరగతిలోకి నస్రీన్‌ను పిలిపించాను. రెండు జడలు, ఒక జడకే రిబ్బను. వాళ్ల నాన్న పెనుమూడి దారిలో ఆటో నడుపుతాడు. పొద్దున్నే మసీదు దగ్గర అరబీ పాఠానికి వెళ్లి, అక్కడి నుంచే ఇటు వస్తుందట. నాలుగు బొమ్మలూ ఇచ్చి పక్కన కూర్చున్నాను. చకచకా పేర్చింది. టెంక కుడి చివర, కాయలు ఎడమ చివర.

"ఇప్పుడు కథ చెప్పమ్మా, వేలు పెట్టి."

టెంక మీద వేలు పెట్టింది. "ఇది పాతేశారు. నీళ్లు పోశారు. ఇదిగో లేచింది. పెద్దదైపోయింది. కాయలొచ్చినయి. తర్వాత కోతులొచ్చినయి."

"బొమ్మలో కోతులు ఎక్కడున్నాయమ్మా?"

"బొమ్మలో లేవు. మా నానీ వాళ్లింటికి వచ్చినయి. నాన్న కర్ర పట్టుకున్నాడు."

సువార్త టీచర్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దీనికా నేను సున్నా వేసింది? నా చేతులు పడిపోను!" అంది. అంతలోనే నా వైపు తిరిగింది. "అయినా మాస్టారూ, బాపట్లలో మైకు పట్టుకుని ఎడమ నుంచి రాకపోతే సున్నా, జాలిపడొద్దు అన్నదెవరండీ? నేను చూసింది చూసినట్టు రాశాను. మీరు అరబీ చెప్పే ఇంట్లో పుట్టి పెరిగారు కదా, మీకు తట్టలేదా?"

తట్టలేదు. ఆ మాట ఇక్కడ రాయకుండా దాటెయ్యొచ్చు. దాటెయ్యను. ఎదుటివాళ్ల తప్పులు గుర్తుపెట్టుకునేవాడు తనది మరిచిపోకూడదు. నన్ను ఆపిన పరీక్షనే నేను మైకులో రెండుసార్లు చదివాను. అందుకే ఈ విషయం నేను వదిలిపెట్టను.

పై ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి నా కన్నా చాలా చిన్నవాడు, మర్యాదగానే కూర్చోమన్నాడు. పత్రాలు చూపించాను.

"మాస్టారూ, మీరు మరీ లోతుకు వెళ్లిపోతున్నారు. గడిలో ఉన్నది పట్టికలోకి ఎక్కిస్తే చాలండీ."

"గడిలో ఉన్నదే చెబుతున్నాను సార్. నాలుగు మూడు రెండు ఒకటి."

"టీచర్ ఎదురుగా కూర్చుని ఉంటుంది. తిరగేసి కనబడి ఉంటాయి."

"అలాగైతే ఆ తరగతిలో పిల్లలందరివీ తిరగబడాలి కదండీ. ఈ పిల్లలవే ఎందుకు తిరగబడ్డాయి?"

ఆయన పేర్లు చూశాడు. గొంతు తగ్గించాడు. "మతం విషయాలు ఇందులోకి తేకండి మాస్టారూ."

"మతం కాదండీ, చెయ్యి అలవాటు. పొద్దున ఒక బడిలో కుడి నుంచి చదువుతారు, తొమ్మిదింటికి మన బడిలో ఎడమ నుంచి చదవాలి. రెండూ నేర్చుకుంటారు. దానికి రెండు మూడు నెలలు చాలు, ఏడాది అక్కర్లేదు. నేను అడిగేది ఒకే ఒక్క వాక్యం. పేర్చిన తరువాత వేలు పెట్టి కథ చెప్పమనండి. ఆ ముక్క టీచర్లకిచ్చే పుస్తకంలో వెయ్యండి."

"అది పైనుంచి వచ్చిన పుస్తకం మాస్టారూ."

"ఎంత పైనుంచి?"

"చాలా" అన్నాడు, ఫ్యాను వైపు చూస్తూ.

నేను పట్టిక మీద సంతకం పెట్టలేదు. సంతకం ఉండాల్సిన చోట, ఈ పిల్లల విషయంలో ఈ పట్టిక తప్పు అని రాసి, పిల్లల పేర్లు రాసి ఇచ్చాను. వారం తిరక్కుండా కొత్త పట్టిక తయారైంది, కింద వేరే ఆయన సంతకం ఉంది. నా కాగితం ఏమైందో తెలియదు. అప్పుడే ఆ పై ఆఫీసుకు మొదటి ఉత్తరం రాశాను. దానికి వచ్చిన ఫలితం నా దగ్గరికి రాలేదు, సువార్త టీచర్ దగ్గరికి వెళ్లింది. పరిశీలన సమయంలో పిల్లల పక్కన కాక ఎదురుగా కూర్చున్నందుకు సంజాయిషీ ఇవ్వమని మెమో.

"మాస్టారూ, మీ ఉత్తరం వచ్చి నా మెడకు చుట్టుకుంది" అంది ఫోనులో. "ఇన్నేళ్ల సర్వీసులో నాకు మొదటి మెమో అండి ఇది. పక్కనే కూర్చున్నాను. మోకాళ్లు పట్టేసినా కిందే కూర్చున్నాను."

ఇంకో ఉత్తరం రాసి ఆ మెమో తప్పని చెబుతానన్నాను. "రాయకండి, మీకు దణ్ణం పెడతా" అని పెట్టేసింది. రాశాను. ఆ ఏడాది క్రిస్మస్‌కు వాళ్లింటి నుంచి మాకు కేకు రాలేదు. అదీ గుర్తుంది. కానీ ఆవిడ గురించి ఇంకొక సంగతి ఆలస్యంగా తెలిసింది. నస్రీన్‌ను ఆవిడ వెనక్కి పంపలేదు. హాజరు పట్టీలో పేరు లేదు, పిల్ల మాత్రం ఒకటో తరగతిలో ముందు బెంచీలో ఉంది. ఎవరైనా అధికారి వస్తే, "అక్క కోసం వచ్చిందండి" అని చెప్పేదట. ఆ పిల్లకు అక్క లేదు. మిగతా పిల్లలకు అలాంటి టీచర్ లేదు. షబానా, ఇర్ఫాన్ ఆ ఏడాదంతా అంగన్‌వాడీలో ఇంతకుముందు పాడిన పాటలే మళ్లీ పాడుతూ కూర్చున్నారు. నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. ప్రసంగాల్లో నా క్రమశిక్షణ గురించి చెప్పారు, నా ఉత్తరాల గురించి ఎవరూ ఎత్తలేదు.

ఇక ఫోను సంగతి. సభ రోజు భోజనాలయ్యాక సువార్త టీచర్ తన ఖాళీ తరగతి గదిలోకి తీసుకెళ్లి చూపించింది అదే. ఇప్పుడు కాగితాలు లేవు. బొమ్మలు అవే, టెంకా మొలకా చెట్టూ కాయలూ. పిల్ల పేర్చింది సరిగ్గా ఉంటే టీచర్ ఫోనులో పచ్చ నొక్కుతుంది, లేకపోతే ఎరుపు నొక్కుతుంది. గడి లేదు, అంకెలు లేవు.

"తిరగేసి పెట్టారని రాయడానికి చోటు ఎక్కడుంది?" అన్నాను.

"లేదండి. చిందరవందరగా పెట్టినా ఎరుపే, చక్కగా కుడి నుంచి పెట్టినా ఎరుపే. ఈసారి మీరు బల్ల మీద పరుచుకుని చూసుకుందామన్నా ఏం మిగల్లేదు మాస్టారూ." ఆవిడ మెడలో సభలో వేసిన దండ ఇంకా అలాగే ఉంది. "ఈ ఏడు నా దగ్గర ముగ్గురికి ఎరుపు వచ్చింది. ముగ్గురినీ కథ చెప్పమన్నాను. ముగ్గురూ చెప్పారు. బళ్లు తెరిచాక ఈ కుర్చీలోకి కొత్తమ్మాయి వస్తుంది. మంచి పిల్లే. కానీ కథ చెప్పమని అడగాలని దానికెవరు చెబుతారండీ? పుస్తకంలో లేదు కదా."

"మీరు చెప్పి వెళ్లండి."

"నేను చెబితే ఈ ఒక్క తరగతికి చెప్పినట్టు. రాయండి మాస్టారూ. అప్పుడు రాయొద్దన్నాను, ఇప్పుడు నేనే అంటున్నాను. నా పేరు కూడా వెయ్యండి."

అందుకే ఆవిడ పేరు వేశాను.

అప్పటికీ ఇప్పటికీ మంచి చెడ్డలు పోల్చి చూస్తే, మార్పు లేదని నేను అనను. ఇప్పుడు ఏ టీచరూ పిల్లను చూసి నవ్వదు, ఏ తండ్రినీ పేరులేకుండా పిలవరు, గదుల్లో బొమ్మలున్నాయి, మధ్యాహ్నం భోజనం ఉంది. కానీ అప్పుడు నన్ను ఆపిన వాడికి ఒక ముఖం ఉండేది. నేను కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు, ఆయన గిన్నెను వరుసలో చివరికి నెట్టే వీలుండేది. ఈ ముగ్గురు పిల్లలను ఎవరు ఆపారని అడిగితే ఎవరూ లేరు. టీచర్ ఎరుపు నొక్కింది, ఫోను లెక్క వేసింది, పైనుంచి పుస్తకం వచ్చింది. ఎవరి మనసులోనూ చెడ్డ ఉద్దేశం లేదు. పిల్ల మాత్రం ఇంటికి వెళ్లి, తనకు ఇంకా ఏదో రాదని నమ్మడం మొదలుపెడుతుంది. ఆ నమ్మకం ఎంత కాలం ఉంటుందో నాకు తెలుసు. దాన్ని మోసినవాణ్ణి నేను.

వదిలెయ్యమని నాకు చాలామంది చెప్పారు. పెద్దవాడివయ్యావు, బీపీ ఉంది, ఆ పిల్లలు ఎలాగో చదువుకుంటారు అన్నారు. నేనూ ఎలాగో చదువుకున్నాను. ఎలాగో చదువుకున్నవాడు ఇది రాస్తున్నాడు. టీచర్లకిచ్చే ఆ పుస్తకం తయారు చేసినవాళ్లు ఎవరైనా సరే, ఎంత పైన ఉన్నా సరే, మీకు నా ప్రశ్న ఒక్కటే. టెంక నుంచి కాయల దాకా కథంతా తప్పులేకుండా చెప్పి, బొమ్మలను కుడి నుంచి పేర్చిన పిల్ల బడికి సిద్ధంగా ఉందా, లేదా? ఉంది అంటారా, అయితే కథ అడగమనే ఆ వాక్యం చేర్చండి, ఆ ముగ్గురికీ పడిన ఎరుపు తీసెయ్యండి, ఒకటో తరగతి హాజరు పట్టీలో వాళ్ల పేర్లు ఎక్కించండి. లేదు అంటారా, ఎందుకు లేదో రాయండి. పరిశీలిస్తున్నాం అని కాదు, తగిన చర్య తీసుకుంటాం అని కాదు. ఉంది, లేదు, రెండింట్లో ఒకటి రాసి, కింద మీ సొంత పేరు వెయ్యండి. బళ్లు తెరవడానికి ఇంకా మూడు వారాలుంది. ఆలోగా చెప్పండి.